పెరటి చెట్టు : పెట్టుబడి, సామ్యవాదముల చర్చకు ఒక విమర్శ

గత సంవత్సరము మన సంఘ వార్షికోత్సవ సందర్భమున విద్యార్థులకు జరిగిన వక్తృత్వపు పోటీలో న్యాయనిర్ణేతలుగా కూర్చుండిన ముగ్గురిలో మేమొకరము. "పెట్టుబడిదారీ విధానము మేలా, సామ్యవాదము మేలా" అనునది విషయము. పదవ తరగతితో చదువు ముగించి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరీ చేసి విశ్రాంతి గైకొనిన మాకు ఆ ఆసనము తగినది కాదని కార్యదర్శిగారికి మనవి చేసితిమి. వారు వినిపించుకొనలేదు. "మీకు తెలుగు తెలుసు, గడియారం చూడటం తెలుసు, అంతకంటే ఏం కావాలి?" అనిరి. ఆనాడు మార్కుల కాగితముపై మేము వ్రాయదలచి, స్థలము చాలక వదలివేసిన మాటలే ఈ వ్యాసము.

పదునొకండుగురు బిడ్డలు మాటాడిరి. ఉచ్చారణ బాగుగానే యున్నది. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషుగా పెరిగిన పిల్లలు అయిదేసి నిమిషములు తడబడక తెలుగు మాటాడుటయే మాకు కనులపండువ. పెట్టుబడి పక్షము వారు 1776లో ఆడమ్ స్మిత్ వ్రాసిన గ్రంథముతో మొదలిడి, అమెరికా కార్ల కర్మాగారములు, యుద్ధానంతరము జపాను లేచి నిలచిన వైనము, రెండు కొరియాల వ్యత్యాసము చెప్పి, 1991లో మన ఆర్థిక ద్వారములు తెరచిన పి.వి. నరసింహారావుగారితో ముగించిరి. సామ్యవాద పక్షము వారు 1867నాటి మార్క్స్ గ్రంథముతో మొదలిడి, 1917 రష్యా విప్లవము, 1957నాటి స్పుత్నిక్, భిలాయి ఉక్కు, 1969లో జరిగిన బ్యాంకుల జాతీయీకరణము వల్లించి, ఆస్తిని ఉద్యమమునకు ధారవోసిన పుచ్చలపల్లి సుందరయ్యగారితో ముగించిరి. ఈ తుది ఉదాహరణములు రెండును తెలుగువారివే యగుట మా సంఘమునకు గర్వకారణమని అధ్యక్షులు చమత్కరించిరి. సభ నవ్వినది. మేమును నవ్వితిమి.

కాని వినుచున్న కొలది మాకొక అసంతృప్తి పట్టుకొన్నది. ఒక పిల్లవాడు దించిన వాక్యమునే మరియొకడు ఎత్తుకొనుచుండెను. ఇరుపక్షముల వారును ఒకే అంగడిలో కొన్న బట్టకు రెండు రంగులద్దించినట్లు తోచినది. ఒకడు రష్యాలో రొట్టెకై నిలచిన బారులను చెప్పగా, మరియొకడు అమెరికాలో వీధిని పండుకొను నిరుపేదలను చెప్పెను. ఆ బారులను చూచినవాడు లేడు, ఆ వీధిని నడచినవాడు లేడు. విన్నవారు చప్పట్లు కొట్టిరి.

రెండవ బహుమతి పొందిన బాలికను తరువాత పిలిచి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితిమి.

"రాబర్ట్‌సన్‌పేట, తాతగారూ."

"మీ ఇంటి నుండి సయనైడు దిబ్బలు కనపడతాయా?"

"మిద్దె ఎక్కితే కనపడతాయి. గాలికాలంలో దుమ్ము ఇంట్లోకే వస్తుంది."

"మరి అయిదు నిమిషాలు మాట్లాడితివి గదా, ఆ మాట ఒక్కటీ రాలేదేమి?"

ఆ బిడ్డ కొంచెము తెల్లబోయి, "అది కూడా ఇందులోకి వస్తుందా?" అనెను.

తప్పు ఆ బిడ్డది కాదు. పెరటి చెట్టు మందునకు రాదని మన పెద్దలు ఊరకే అనలేదు. పెట్టుబడి ఎట్లు నడచునో, సర్కారు యాజమాన్యము ఎట్లు నడచునో తెలిసికొనుటకు మాస్కో, డిట్రాయిట్ దాకా పోనక్కరలేని ప్రజలెవరైన ఉన్నచో, వారు మన కోలారు సీమవారే. ఒకే గని, ఒకే బంగారపు చార, తరతరములుగా దిగిన అవే కుటుంబములు. 1880 నుండి 1956 వరకు డెబ్బదియారేండ్లు లండనులో నమోదైన కంపెనీల క్రింద నడచినది. 1956 నుండి 2001 వరకు నలుబదినాలుగేండ్లకు పైగా సర్కారు క్రింద నడచినది. ఇట్టి పరీక్షను ఏ ఆచార్యుడును బుద్ధిపూర్వకముగ ఏర్పరుపజాలడు. ఇప్పటి పిల్లలకు "కె.జి.ఎఫ్." అనగా 2018లో వచ్చిన సినిమా. ఆ సినిమాకును మన గనికిని పేరు తప్ప పొత్తు లేదని చెప్పబోయి, మా మనుమని చేత చీవాట్లు తింటిమి. అది వేరు సంగతి.

ముందుగా పెట్టుబడి పక్షమున చెప్పవలసినది చెప్పుదము. ఆ పక్షము మాటాడిన పిల్లలు చెప్పలేకపోయినదే అది.

ఈ నేలలో బంగారమున్నదని 1802లో లెఫ్టినెంటు వారెన్ అను సర్వే అధికారికి తెలిపినవారు పల్లెవాసులే. వారు అంతకు ముందే మన్ను కడిగి రేణువులు తీయుచుండిరి. తరువాత ఏడు దశాబ్దములు గడచినను లోతునకు దిగిన వారు లేరైరి. 1870లలో లావెల్ అను విశ్రాంత సైనికుడు మైసూరు సంస్థానము వారి యొద్ద అనుమతి సంపాదించి బావులు త్రవ్వించెను. అతని ధనము చాలలేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ప్రవేశించిరి. తొలి యేండ్లలో వారికిని చేయి కాలినది. మైసూరు మైను కంపెనీ మూలధనము అడుగంటి, వాటాదారులు చాలించుదమని తలపోయుచుండగా, మరికొంత లోతు చూతమను పట్టుదల వలన చార దొరకినది. ఇతర కంపెనీలు పెక్కు మునిగినవి. ఆ నష్టమును భరించినది ఏ రైతు శిస్తును కాదు, ఏ ప్రభుత్వ బొక్కసమును కాదు, లాభమునకు ఆశపడి వాటాలు కొన్నవారు. దొరకునో దొరకదో తెలియని దానిపై సొంత సొమ్ము ఒడ్డువాడు ఉండవలెను. ఆ తెగువకు పెట్టుబడిదారీ విధానమున గల ప్రేరణము వేరొకచోట మేము చూడలేదు. ఒక చిన్న పనికి పదునాలుగు సంతకములు చేయించిన అనుభవముతో ఈ మాట చెప్పుచున్నాము.

చార దొరకిన తరువాత పని పరుగిడినది. రైలు వచ్చినది. బేతమంగళము నుండి నీరు వచ్చినది. వైద్యశాల వెలసినది. 1902లో కావేరిపై శివనసముద్రమున పుట్టిన విద్యుత్తు సుమారు తొంబది మైళ్ళు తీగలపై నడచి గనులకు చేరినది. బెంగుళూరు వీధులకు దీపములు 1905లో గాని రాలేదు. మన పిల్లవాడొకడు "ప్రైవేటు వారి సామర్థ్యము" అని బల్ల గ్రుద్ది చెప్పినప్పుడు ఈ మాట తలచుకొంటిమి. అయితే ఆ విద్యుత్తు కంపెనీ వారు పుట్టించినది కాదు. దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున మైసూరు ప్రభుత్వము తలపెట్టిన పని. గనులు దానిని కొనుటకు అంగీకరించుటచే ఆ పథకము నిలచినది. ఆ పథకము నిలచుటచే గనులు చవుకగా నడచినవి. ఎవరు ఎవరికి ఋణపడిరో చెప్పుట కష్టము. శుద్ధమైన పెట్టుబడిదారీ విధానము పుస్తకములలో గలదేమో గాని, కోలారు తీగలపై మాత్రము కనబడదు.

ఇక రెండవ పుట. బంగారము లండనునకు పోయినది, లాభములు లండనులో పంచబడినవి. మైసూరునకు రాయల్టీ వచ్చినది. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతముల కరవు పల్లెల నుండి మేస్త్రీలు, కంట్రాక్టర్లు తోలుకొని వచ్చిన జనము వెదురు తట్టీల ఇండ్ల వరుసలలో కాపురముండిరి. ఎదుటి మిట్టపై బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానము. ఆ ప్రాంతమునకు "చిన్న ఇంగ్లండు" అని ముద్దుపేరు. ఆ పేరు పెట్టినవారెవరో గాని తట్టీ ఇండ్ల వైపు తిరిగి చూచియుండరు. చాంపియన్ రీఫ్ గని దిగి దిగి పదివేల అడుగులు దాటినది. అక్కడి రాతి వేడి అరువది డిగ్రీలకు మించినది. ఒత్తిడికి రాయి తనంతట తాను పగిలి ఎగిరిపడుట గని జనమునకు నిత్యభయము. రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొని మనిషిని మెల్లగా తినివేయుట మరియొక భయము. బంగారపు మన్ను దొంగిలింతురేమోయని బయటికి వచ్చువారిని వెదకుట ఆచారము. 1930లో వేలిముద్రలు తీసికొని పేరు నమోదు చేయింపవలెనను ఏర్పాటు రాగా, "మేము దొంగలమా?" యని వేలకొలది జనము పని మానిరి. 1946లో పోలీసు కాల్పులకు కార్మికులు బలియైరి. ఆ సమ్మెల చరిత్రను మన సామ్యవాద పక్షపు బాలుడు ఒక్క వాక్యములోనైన చెప్పియున్నచో మొదటి బహుమతి వానికే ఇచ్చియుందుము. వాడు పెట్రోగ్రాడు సమ్మెను చెప్పెను.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొన్నది. అంతకు ముందేడు మద్రాసు చెంత ఆవడిలో కాంగ్రెసు మహాసభ సామ్యవాద తరహా సమాజమే లక్ష్యమని తీర్మానించియుండెను. గని మనదైనదని ఊరూర సంబరపడినట్లు మా పెద్దలు చెప్పుకొనెడివారు. 1962లో గని కేంద్రమునకు మారినది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను పేర ప్రభుత్వ కంపెనీయైనది.

ఈ కాలమును గూర్చి పెట్టుబడి పక్షము వారు ఒకే మాట చెప్పుదురు: "సర్కారు చేతికి వచ్చినది, నష్టము వచ్చినది, మూతపడినది." మాట నిజమే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత ఇక్కడ అతుకునట్లే యున్నది. కాని మేము జమాఖర్చు వ్రాసి బ్రతికినవారము. నష్టము అను మాట వినగానే, ఏ ధర పెట్టి లెక్కకట్టిరి అని అడుగుట మాకు అలవాటు. ఆ ప్రశ్న ఆనాడు సభలో ఏ పిల్లవాడును వేయలేదు. న్యాయనిర్ణేతలము మేమును వేయలేదు, అది మా లోపము.

ఆ ధర సంగతి వినదగినది. కేంద్రము గని బంగారమును ఏండ్ల తరబడి అంతర్జాతీయ ద్రవ్యనిధి అంగీకరించిన ధరకు తీసికొన్నది. ఆ ధర ఔన్సు 35 డాలర్లు. మన లెక్కలో పది గ్రాములకు 53 రూపాయల 58 పైసలు. 1966 జూనులో రూపాయి విలువ తగ్గించిన తరువాత 84 రూపాయల 39 పైసలు. బజారులో పది గ్రాములు 1960 ప్రాంతమున నూరు రూపాయలు దాటియుండెను. 1970 నాటికి సర్కారు ధరకు బజారు ధర రెండింతలు మించినది. అనగా రూపాయి సరుకును అర్ధరూపాయికి తీసికొని, అమ్మినవాడు నష్టపడినాడని పద్దు వ్రాసిరి. కొన్నవాడును సర్కారే, అమ్మినవాడును సర్కారే. ఒక జేబు నుండి మరియొక జేబునకు పోయిన సొమ్ము గదా, ఇందు తప్పేమి యనవచ్చును. తప్పు ఏమనగా, నష్టమను ముద్ర గని మీద పడినది. ఆ ముద్రను చూపియే కొత్త చారలు వెదకుటకు సొమ్ము లేదనుటయు, యంత్రములు మార్చుటకు వీలులేదనుటయు జరుగును. రిజర్వు బ్యాంకు అరలలో నిలచిన బంగారమునకు గని కార్మికుని చెమట అని పేరు వ్రాయుటకు ఏ చిట్టాలోను గడి లేదు.

ఇది సామ్యవాదపు తప్పిదమా? మా విమర్శలో ఇది సామ్యవాదము పేర జరిగిన గుమాస్తాగిరీ తప్పిదము. కాని సామ్యవాదులు దీనిని సులభముగ దులుపుకొనరాదు. ధరను కొనువాడు, అమ్మువాడు ఒక్కడే నిర్ణయించునప్పుడు, ఆ ధర అబద్ధమని చెప్పువాడు ఉండడు. బజారునకు గల గొప్ప సుగుణము ఇదియే: అది మొగము చూచి మాటాడదు. ఢిల్లీ బల్లపై 53 రూపాయలని వ్రాసినంత మాత్రమున రాబర్ట్‌సన్‌పేట షరాబు ఆ ధరకు ఇవ్వడు. ప్రభుత్వము అబద్ధపు ధరను ఏండ్ల తరబడి నిలుపగలదు.

ఇంకొక మాట. రెండు కాలములను పోల్చునప్పుడు పోలికలో న్యాయముండవలెను. తొలినాళ్ళలో టన్ను రాతికి నలుబది గ్రాములకు పైగా బంగారము పడినది. చివరి దినములలో మూడు గ్రాములు పడుట గగనము. మీగడ తినిపోయినవానిని సమర్థుడని, అడుగు మాడును గీకికొన్నవానిని అసమర్థుడని అనుట ధర్మము కాదు. ఊరిన మీగడ అంతయు లండను వాటాదారులు తినిన తరువాతనే గని మనకు దక్కినది. ఈ సంగతి చెప్పక కంపెనీ కాలపు లాభములను, సర్కారు కాలపు నష్టములను ప్రక్క ప్రక్కన పెట్టి చూపు వ్యాసములు ఏటేట పత్రికలలో చూచుచున్నాము.

సర్కారు కాలమున మేలు లేదా? ఉన్నది. ఉద్యోగము నిలకడయైనది. పింఛను, సెలవు, వైద్యము హక్కులైనవి. గని దిగినవాని కొడుకు పాలిటెక్నిక్ చదివి, 1964లో స్థాపితమైన బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారమున చేరుట మా ఈడువారు కన్నులార చూచిరి. గని లోతును వాడుకొని 1965లో శాస్త్రజ్ఞులు న్యూట్రినో అను సూక్ష్మకణపు జాడ కనుగొనిరి. లాభమే పరమార్థమైన కంపెనీ అట్టి పనికి చోటిచ్చునో లేదో. అది యే టన్నుకును లెక్కకు రాదు గదా. అదే కాలమున, 1963 నాటి బంగారపు నియంత్రణ ఆజ్ఞ వలన పదునాలుగు క్యారట్లకు మించి నగ చేయరాదనగా, మన పేటల కంసాలి కుటుంబములు కుంపటి ఆర్పి కూలికి పోయిన మాటయు మరువరాదు. ఒక చేత గనిలో ఉద్యోగమిచ్చినదియు, ఒక చేత కుంపటి ఆర్పినదియు ఒకే ప్రభుత్వము.

ఇంతవరకు చెప్పినది చదివి విని తెలిసికొన్నది. మా సొంత అనుభవము రెండు మాటలలో చెప్పుదుము. పాఠకులు మన్నింతురు గాక.

మేము తొమ్మిదేండ్లు ఒక ప్రైవేటు యజమాని గిడ్డంగిలోను, ఇరువదియారేండ్లు ఒక సర్కారు కార్యాలయములోను పనిచేసితిమి. యజమాని వద్ద ఒకటవ తేదీ సాయంకాలమునకు జీతము చేతబడెడిది. పాడైన తూకము మార్చవలెనన్న మధ్యాహ్నమునకు కొత్త తూకము దిగెడిది. ఇరువదేండ్లు కాపలా కాచిన ముసలివానిని ఒకనాటి కోపమునకు "రేపటి నుంచి రావద్దు" అన్నప్పుడు అతని పేరు పద్దు నుండి కొట్టివేసినది మా కలమే. అతడు మా వంక చూచెను. మేము పద్దు వంక చూచితిమి.

సర్కారు కార్యాలయమున ఎవరిని ఎవరును రావద్దనలేదు. ఒక వితంతువు పింఛను కాగితము మా బల్లకు వచ్చినది. భర్త పేరు ఒకచోట ఒక విధముగ, వేరొకచోట ఒక విధముగ వ్రాయబడియున్నది. ఒక ఫోను చేసిన తేలిపోవు సంగతి. "మరింత వివరణకై వాపసు" అని వ్రాసి పంపితిమి. అట్లు వ్రాయుట నియమమునకు విరుద్ధము కాదు. ఆ కాగితము పదునాలుగు నెలలు తిరిగినది. ఆమె నెలకొకమారు రెండు బస్సులు మారి వచ్చి, బయట అరుగుపై సంగటి మూట విప్పుకొని తినెడిది. ఒకనాడు మాతో, "సామీ, ఈ కాగితం మీద నేను బతికే ఉన్నానని రాసుందా, లేదా?" అనెను. మేము బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నకు మా వద్ద ఫారము లేదు.

కాపలావానికిని, ఆ తల్లికిని యజమానులు వేరు, విధానములు వేరు. జరిగినది మాత్రము ఒకే బల్లమీద, ఒకే చేతితో జరిగినది. అందుచేతనే, "ఆస్తి ఎవరిది?" అను ఒక్క ప్రశ్న చుట్టు తిరిగిన మన పిల్లల వాదములు మాకు అసమగ్రముగ తోచినవి. లండను వాటాదారుడు చాంపియన్ రీఫ్ అడుగున దిగినవాని ముఖము చూడలేదు. ఢిల్లీలో ధర వ్రాసినవాడును చూడలేదు. పదివేల అడుగుల లోతున ఉన్నవాడు, "ఈ లెక్క ఎట్లు వేసితిరి, చూపుడు" అని అడుగుటకు కంపెనీ కాలమున ధైర్యము లేదు, అడిగిన ఉద్యోగము పోవును. సర్కారు కాలమున అడుగవచ్చును గాని, ఎవరిని అడుగవలెనో తెలియదు. సంఘములు పుట్టి గట్టిగా అడిగినప్పుడు రెండు కాలములలోను కొంత మేలు జరిగినది. జీతము పెరిగినను, ఊపిరితిత్తుల జబ్బునకు పరిహారము వచ్చినను, అది యజమాని దయ కాదు, సిద్ధాంతపు మహిమ కాదు. అడిగినవారు ఒకరు కాక పలువురగుట వలన వచ్చినది.

మా తీర్పు ఏమని సభ్యులు అడుగవచ్చును. దాటవేయము. వెదకి పట్టుట, సాహసించుట, సరియైన ధర చెప్పుట, ఇవి పెట్టుబడిదారీ విధానము చక్కగా చేయును. నీరు, వైద్యము, చదువు, ముసలితనపు కూడు, ఇవి లాభమునకు విడువరానివి. ఇవి సర్కారు పనియే. గని వంటిది, తరిగిపోవుటే గాని పెరుగుట లేని భూగర్భ సంపద, ప్రజలదిగనే ఉండవలెనని మా నమ్మకము. కాని ప్రజలదను పేర దాని లెక్కను ప్రజలకు చూపకున్నచో, అది పాత యజమానికి కొత్త తలపాగ చుట్టుటయే. ఈ మాటకు మాతో కూర్చుండిన తక్కిన న్యాయనిర్ణేతలు ఇరువురు ఒప్పుకొనలేదు. ఒకరు విశ్రాంత బ్యాంకు మేనేజరు, మరియొకరు కార్మిక సంఘములో పనిచేసినవారు. వారిలో వారు కూడ ఒప్పుకొనలేదు.

రెండు విధానములును ఒక్క విషయమున సరిసమానముగ తప్పిపోయినవి. ఆ తప్పే మాకు అన్నిటికంటె పెద్దదిగ కనబడుచున్నది. గని ఒకనాటికి అడుగంటునని 1880లోను తెలియును, 1956లోను తెలియును. అడుగంటిన మరునాడు ఆ జనమేమి చేయవలెను? కంపెనీ ఆలోచింపలేదు, లాభము తీసికొని పోయినది. సర్కారు ఆలోచించుటకు నలుబదినాలుగేండ్లు ఉండెను. 1992లో రుగ్ణ పరిశ్రమయని బోర్డు ముందుంచబడినది. 2001 ఫిబ్రవరి 28న మూయబడినది. నీరు తోడు యంత్రములు ఆగినవి. సొరంగములు నిండినవి. ఎనిమిది వందల టన్నుల ప్రాంతము బంగారమిచ్చిన ఊరిలో మిగిలినవి తెల్లని సయనైడు దిబ్బలు, పాత క్వార్టర్లు. తెల్లవారక ముందే మారికుప్పము రైలెక్కి బెంగుళూరునకు కూలికిని, కొలువునకును పోవు వేలకొలది జనము ఆ ఊరివారే. ఆ రైలు నేటికిని క్రిక్కిరిసి పోవుచున్నది.

2024లో కర్ణాటక మంత్రివర్గము ఆ దిబ్బల నుండి మరల బంగారము తీయు ప్రతిపాదనకు సమ్మతించినది. దిబ్బలలో మిగిలిన బంగారము విలువ ఎంతయో పత్రికలు అంకెలు వేయుచున్నవి. పిల్లలు గాలికాలమున పీల్చిన దుమ్మునకు అందు అంకె వేసిన పత్రికను మేమింకను చూడలేదు.

ఆనాటి మార్కుల కాగితము మా వద్దనే యున్నది. విషయమునకు నలుబది, భాషకు ముప్పది, ధారకు ముప్పది. రాబర్ట్‌సన్‌పేట బాలికకు విషయమునకు మేమిచ్చినవి ముప్పదియొకటి. ఇంటికి వచ్చి తిరిగి లెక్కించుకొన్నప్పుడు, మొదటి బహుమతి వానికంటె ఆమెకు ఒక్క మార్కే తక్కువయని తెలిసినది. ఆమె ఆ సభలో చెప్పిన మాటలలో మాకు జ్ఞాపకమున్నది, పోటీ ముగిసిన తరువాత చెప్పిన దుమ్ము మాట ఒక్కటియే. దానికి మార్కులు వేయు వీలు లేకపోయినది.

ఈ యేటి పోటీ విషయమును సూచింపుమని కార్యదర్శిగారు మరల అడిగిరి. "మా ఊరి గని : ఎవరికెంత వచ్చినది, ఎవరికెంత పోయినది" అని ఒక తెల్లకాగితముపై వ్రాసి ఇచ్చితిమి. విషయము మరీ చిన్నదిగ నున్నది, పిల్లలకు సమాచారము దొరకదేమోయని వారి సందేహము. గని దిగివచ్చిన ముసలివారు ఇంకను కొందరు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట అరుగులపై కూర్చున్నారని, సాయంకాలము పోయి అడిగిన చెప్పుదురని, కొందరికి ఆయాసము వలన మాట మెల్లగా వచ్చును గనుక పిల్లలు తొందరపడరాదని బదులు వ్రాసితిమి.